షెడ్డులోంచి రోడ్డు మీదికి: పాత కార్ల మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కొబ్బరి తోట షెడ్డులోనో, పెరటి పాకలోనో ఏళ్ళ తరబడి నిలిచిపోయిన అంబాసిడర్లు, పద్మినిల గురించి గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. చాలామంది అడిగింది ‘ముందు స్టార్ట్ చేయడం ఎలా’ అని. అది ఆఖర్న చేయాల్సిన పని. డెల్టాలో బండిని తినేసేది వయసు కన్నా తేమ. ఆ తేమ ముందుగా చేరేది బ్రేకుల్లోకి, పెట్రోలు ట్యాంకులోకి, నేల రేకులోకి. జవాబుల్లో వాటికే ఎక్కువ చోటు ఇచ్చాం.

ప్రశ్న: మా తాతగారి 1974 అంబాసిడర్ మార్క్–2 పద్దెనిమిదేళ్ళుగా తోటలో రేకుల షెడ్డు కింద ఉంది. కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే ‘టక్’మని ఆగిపోతోంది. ట్రాక్టరుకు కట్టి టాప్ గేరులో లాగితే ఇంజిన్ విడిపోతుందని మా మెకానిక్ అంటున్నాడు. లాగించమంటారా? (ఒక పాఠకుడు, రాజోలు)

జవాబు: వద్దండి. లాగితే విడిపోవచ్చు కూడా. దాంతోపాటు పిస్టన్ రింగులు విరగొచ్చు, గైడులో పట్టేసిన వాల్వు కింద పుష్‌రాడ్ వంగొచ్చు. రోజు పనిని నెల ఖర్చుగా మార్చుకోవడానికి ట్రాక్టరు అక్కర్లేదు.

అసలు పట్టేసింది ఇంజినేనా అన్నది ముందు తేల్చండి. గేరు న్యూట్రల్‌లో పెట్టండి. ఫ్యాన్ బెల్టు తీసేయండి, ఎందుకంటే డైనమో గానీ వాటర్ పంపు గానీ పట్టేసినా ఇంజిన్ తిరగదు. సెల్ఫ్ మోటారు పళ్ళు ఫ్లైవీల్‌లో ఇరుక్కున్నా సరిగ్గా ఇదే ‘టక్’ వస్తుంది. లూకాస్ సెల్ఫ్ మోటారు వెనక చిన్న మూత కింద షాఫ్టు చివర నలుచదరంగా ఉంటుంది. దాన్ని స్పానరుతో తిప్పితే ఇరుక్కున్న పళ్ళు విడిపోతాయి. ఇవన్నీ చూశాక కూడా హ్యాండిల్ వేసి కదల్చలేకపోతే అప్పుడు ఇంజిన్ పట్టేసిందనుకోండి.

ఎందుకు పట్టేస్తుందో తెలిస్తే పని తేలిక. ఇంజిన్ ఏ స్థితిలో ఆగినా ఒకటి రెండు సిలిండర్లలో వాల్వు తెరిచే ఉంటుంది. సైలెన్సరు గొట్టంలోంచో కార్బొరేటర్‌లోంచో వచ్చిన తేమ గాలి ఆ సిలిండర్లలోకే పోతుంది. గోడకు తుప్పు పట్టి, రింగులు అక్కడే అతుక్కుంటాయి. సాధారణంగా నాలుగూ పట్టవు, ఒకటో రెండో పడతాయి.

నాలుగు ప్లగ్గులూ తీయండి. ఫోనుకు తగిలించుకునే సన్న కెమెరా దొరికితే లోపల చూడండి. రాకర్ కవర్ రెండు నట్లే, దాన్నీ తీసి రాకర్ల మీద నూనె పోయండి. ఆటోమేటిక్ గేరు ఆయిల్ (ఏటీఎఫ్) సగం, ఎసిటోన్ సగం కలిపి సిలిండరుకు 30 మిల్లీలీటర్ల చొప్పున ప్లగ్గు రంధ్రంలోంచి పోసి గుడ్డతో మూయండి. ఎసిటోన్ ఆరుబయటే కలపాలి, దగ్గర్లో బీడీ కూడా ఉండకూడదు. అది దొరక్కపోతే డీజిల్, ఇంజిన్ ఆయిల్ సమంగా కలిపి వాడండి, కాస్త ఎక్కువ రోజులు పడుతుంది. రోజూ కొంచెం పోస్తూ నాలుగైదు రోజులు వదిలేయండి. తర్వాత హ్యాండిల్‌తో ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఊపండి. వేలి మందం కదిలినా చాలు, మళ్ళీ నూనె పోసి మర్నాడు ఊపండి. హ్యాండిల్‌కు పొడుగు పైపు తొడిగి బలం పెట్టొద్దు.

పది రోజులకూ కదలకపోతే హెడ్డు దింపడమే. పిస్టను పైన సిలిండరు గోడకు కనిపించే తుప్పును నూనెలో తడిపిన సన్న ఎమరీ పేపరుతో పూర్తిగా తుడిచాకే పిస్టన్‌ను కదల్చాలి. తుడవకుండా కొడితే రింగు ఆ తుప్పు గట్టుకు తగిలి విరుగుతుంది. కొట్టాల్సి వస్తే గట్టి చెక్క దిమ్మ పెట్టి, మధ్య ఎత్తులో ఆగిన పిస్టను మీదే కొట్టండి. పూర్తిగా పైనో కిందో ఉన్న పిస్టన్‌ను ఎంత కొట్టినా క్రాంకు తిరగదు, కొట్టిన దెబ్బంతా బేరింగు మీద పడుతుంది.

తిరగడం మొదలయ్యాక కూడా స్టార్ట్ చేయొద్దు. మీరు పోసిన నూనె, తుప్పు కలిసి సంపులోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి, దిగి ఉంటాయి. పాత ఆయిల్ వదిలేయండి. సంపు దింపి అడుగున పేరుకున్న మడ్డి గీకేస్తే ఇంకా మంచిది. 20డబ్ల్యూ–50 ఆయిల్ సుమారు నాలుగు లీటర్లు పట్టే ఇంజిన్ ఇది, డిప్‌స్టిక్ చూసి పోయండి, ఫిల్టరు మార్చండి. కొత్త కార్లకు పోసే పల్చని ఆయిల్ దీనికి పోస్తే సీళ్ళ దగ్గర కారుతుంది. ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టి, రాకర్ల దాకా ఆయిల్ వచ్చేవరకు తిప్పండి. అప్పుడు ఒక్కో సిలిండరు కంప్రెషన్, అంటే పిస్టను గాలిని నొక్కే ఒత్తిడి, గేజితో చూడండి. అంకె ఎంతన్న దానికన్నా నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒకటి బాగా తక్కువైతే ఆ సిలిండరులో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొట్టండి. పెరిగితే లోపం రింగులది, పెరగకపోతే వాల్వులది.

మీ 1489 సీసీ ఇంజిన్‌కు వాల్వు గ్యాపు 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు 14 నుంచి 16 థౌ, ప్లగ్గులు 25 థౌ. ఫైరింగ్ ఆర్డర్ 1–3–4–2, రోటరు గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది. వాల్వులు బిగించేటప్పుడు తొమ్మిది లెక్క గుర్తుంచుకోండి: ఒకటో వాల్వు పూర్తిగా నొక్కుకుని ఉన్నప్పుడు ఎనిమిదోది బిగించాలి, రెండోది నొక్కుకున్నప్పుడు ఏడోది, మూడోదానికి ఆరోది. ఏ రెండు కలిపినా తొమ్మిది రావాలి.

ప్రశ్న: ప్రీమియర్ పద్మిని కొన్నాను. చక్కగా స్టార్ట్ అవుతుంది, రెండు కిలోమీటర్లు పోయి ఆగిపోతుంది. పది నిమిషాలు ఆగి కొడితే మళ్ళీ స్టార్ట్. కార్బొరేటర్ రెండుసార్లు సర్వీసు చేయించాను, కిట్టు కూడా వేయించాను. ఫలితం లేదు. (ఒక పాఠకుడు, భీమవరం)

జవాబు: కార్బొరేటర్‌ను ఇక వదిలేయండి. ఆగిన వెంటనే, అక్కడే రోడ్డు పక్కన బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ తీసి కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లాగండి. పెట్రోలు సన్నగా చిమ్మితే ఇంధనం వస్తున్నట్టే. అప్పుడు అనుమానం ఇగ్నిషన్ కాయిల్ మీద, కండెన్సర్ మీద. లోపమున్న కాయిల్ వేడెక్కితే నిప్పురవ్వ ఆపేస్తుంది, చల్లారితే మళ్ళీ ఇస్తుంది. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే కాయిల్ మార్చి చూడండి.

చిమ్మకపోతే లోపం ట్యాంకులో. నిలిచిన బండి ట్యాంకులో తుప్పు పొరలు పొరలుగా రాలుతుంది. ఇంజిన్ లాగుతున్నంతసేపూ ఆ రేకులు వెళ్ళి పీల్చే గొట్టం మూతికి అంటుకుంటాయి. ఇంజిన్ ఆగగానే రాలి అడుక్కు పోతాయి. మీ పది నిమిషాల రహస్యం అది. ట్యాంకు మూతకు గాలి రంధ్రం పూడినా ఇలాగే ఆగుతుంది. ఆగినప్పుడు మూత తిప్పితే ‘స్‌స్’మని గాలి లోపలికి పీలిస్తే మూతే దోషి.

ట్యాంకు దింపి శుభ్రం చేయాల్సిందే, కారు మీదుండగా చేసేది సగం పనే. పెట్రోలంతా వదిలి, సబ్బు నీళ్ళతో మూడు నాలుగు సార్లు వాసన పోయేదాకా కడగండి. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు లీటరు గోరువెచ్చని నీటికి 50 నుంచి 100 గ్రాములు కలిపి, ట్యాంకు నిండా పోసి ఒక రోజు ఉంచండి. మధ్యలో కొంత ద్రావకం తీసేసి, గుప్పెడు నట్లో తెగిన గొలుసు ముక్కో వేసి బాగా కుదపండి. వేసినవి లెక్కపెట్టుకోండి, తీసేటప్పుడు అన్నీ రావాలి. ఆ నీళ్ళు పారబోసి, చాకలి సోడా కలిపిన నీటితో ఒకసారి, మంచి నీటితో ఒకసారి కడిగి వెంటనే వేడి గాలి పట్టించి ఆరబెట్టండి. ‘వెంటనే’ అంటే నిజంగా వెంటనే. మన గాలిలో శుభ్రమైన ఇనుప రేకు గంటలోనే ఎర్రబడుతుంది. ఆరగానే పెట్రోలులో కొంచెం 2టీ (టూ–స్ట్రోక్ బళ్ళ) ఆయిల్ కలిపి లోపలంతా తిప్పండి.

లోపల పూసే సీలర్ల మీద మాకు అంత నమ్మకం లేదు. తుప్పు పూర్తిగా పోని రేకు మీద పూస్తే అది ఊడి, రేకుల బదులు ప్లాస్టిక్ పొరలు గొట్టానికి అడ్డం పడతాయి. పెద్ద చిల్లులుంటే వేరే ట్యాంకు చూసుకోండి. పెట్రోలు ట్యాంకుకు వెల్డింగ్ పెట్టించొద్దు. పదేళ్ళు ఖాళీగా ఉన్న ట్యాంకు కూడా లోపలి ఆవిరితో పేలుతుంది.

ఇంకొకటి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మీ బండి తయారైన నాటి రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రమ్, కార్కు గ్యాస్కెట్లు దానికి తట్టుకోవు, ఉబ్బి మెత్తబడి చిట్లుతాయి. ఇంజిన్ వేడి మీద పెట్రోలు కారడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా గొట్టాలన్నీ ఇథనాల్‌కు పనికొచ్చే రకం, ఎస్‌ఏఈ 30ఆర్9 అని ముద్ర ఉన్నవి, వేయించండి. ఇథనాల్ పాత జిగురును కూడా కరిగిస్తుంది కనుక మొదటి నెలలో ఫిల్టరు రెండు మూడు సార్లు మార్చాల్సి వస్తుంది. పారదర్శకంగా ఉండేది వేస్తే మురికి కళ్ళకు కనిపిస్తుంది. ఇథనాల్ గాలిలోని నీటిని పీల్చుకుంటుంది, నీరు ఎక్కువైతే రెండూ కలిసి అడుగుకు దిగి అక్కడే ట్యాంకును తుప్పు పట్టిస్తాయి. నెలల తరబడి బండి నిలిపేటట్లయితే పెట్రోలు తీసేసి, కార్బొరేటర్ గిన్నె కూడా ఖాళీ చేయండి.

ప్రశ్న: సీసం లేని పెట్రోలు పోస్తే పాత ఇంజిన్ వాల్వులు పాడవుతాయంటారు. ఏదైనా కలపాలా? (ఒక పాఠకురాలు, రామచంద్రపురం)

జవాబు: దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరి 1 నుంచి ఆగిపోయింది. అంతకు ముందు ఎగ్జాస్ట్ వాల్వుకూ దాని సీటుకూ మధ్య సీసం పూతలా నిలిచి అరుగుదల తగ్గించేది. వారానికోసారి నెమ్మదిగా తిప్పే బండికి తొందరేమీ లేదు. వాల్వు గ్యాపు కొలిచి రాసిపెట్టుకోండి. బిగించిన ప్రతిసారీ ఎగ్జాస్ట్ వాల్వుల గ్యాపు తగ్గిపోతూ ఉంటే సీటు దిగుతున్నట్టు. అప్పుడు హెడ్డు దింపి గట్టి సీట్లు వేయిస్తే ఇక ఆ బెంగ తీరుతుంది. ఆ పనికి మంచి లేత్ ఉన్న చోటికి, విజయవాడ ఆటోనగర్ లాంటి చోటికి, హెడ్డు పంపడం మేలు.

ప్రశ్న: అంబాసిడర్ బ్రేకు పెడల్ నేలకు తగులుతోంది. నాలుగైదుసార్లు తొక్కితే పడుతుంది. మాస్టర్ సిలిండరులో బ్రేక్ ఆయిల్ తగ్గిందని ఇంట్లో ఉన్న ఇంజిన్ ఆయిల్ కొంచెం కలిపారు. ఇప్పుడు ఒక వెనక చక్రం తిరగడమే లేదు. (ఒక పాఠకుడు, నరసాపురం)

జవాబు: బండిని కదల్చకండి. ఇంజిన్ ఆయిల్ తగిలిన రబ్బరు కప్పులు ఉబ్బిపోతాయి. ఇప్పుడు మాస్టర్ సిలిండరు నుంచి నాలుగు చక్రాల దాకా ఉన్న ప్రతి రబ్బరు ముక్కా, కప్పులు, బూట్లు, మూడు ఫ్లెక్సిబుల్ హోసులు, అన్నీ మార్చాలి. ఇనుప గొట్టాలను కొత్త బ్రేక్ ఆయిల్‌తో తోసి కడగాలి. కొంత మార్చి కొంత ఉంచితే మిగిలిన నూనె కొత్తవాటినీ ఉబ్బిస్తుంది.

నూనె కలపక ముందే పెడల్ ఎందుకు దిగిందంటే, బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది. సముద్రం పక్క ఊళ్ళో ఇంకా వేగంగా. ఆ నీరు వీల్ సిలిండరు గోడకు గుంటలు వేస్తుంది, కప్పు అంచు ఆ గుంటల మీదుగా ఆయిల్ వదిలేస్తుంది. పైగా పాత మోడళ్ళకు బ్రేక్ లైను ఒకటే. ఏ ఒక్క చక్రం దగ్గర కారినా నాలుగింటికీ బ్రేకు పోతుంది. అందుకే ‘కారుతున్న చక్రం ఒక్కటే చేయించండి’ అనే బేరానికి ఒప్పుకోవద్దు.

బిగుసుకున్న డ్రమ్ము తీయడానికి ముందు వెనక అడ్జస్టరును వదులు చేయండి. తర్వాత డ్రమ్ము అంచు చుట్టూ చెక్క సుత్తితో కొట్టండి. వెనక రేకుకు రాడ్డు పెట్టి ఎత్తితే రేకు వంగుతుంది, తర్వాత షూలు ఎప్పటికీ సరిగ్గా కూర్చోవు. పాత లైనర్ల పొడిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గాలి కొట్టకుండా తడి గుడ్డతో తుడిచి పారేయండి.

సిలిండరు తెరిచాక లోపలి గోడను గోటితో తడమండి. గోరు ఎక్కడా ఆగకపోతే సన్నగా రుద్ది కొత్త కప్పులు వేయొచ్చు. ఆగితే సిలిండరే మార్చాలి, లేదా లేత్ మీద ఇత్తడి స్లీవు వేయించాలి. చక్రానికి రెండు సిలిండర్లు ఉన్న చోట రెండూ తెరవండి. కప్పులు తొడిగేటప్పుడు బ్రేక్ ఆయిలే పూయాలి. గ్రీజు, డీజిల్, పెట్రోలు తగలకూడదు. ఫ్లెక్సిబుల్ హోసు బయటికి బాగానే కనిపించినా లోపల ఉబ్బి సందు మూసుకుపోతుంది. తొక్కిన బలానికి ఆయిల్ పోతుంది, వదిలితే వెనక్కి రాదు, చక్రం పట్టుకునే ఉంటుంది. చక్రం దగ్గర గాలి తీసే నట్టు వదులు చేసి కొంచెం ఆయిల్ కారనిస్తే చక్రం విడుదలైందంటే హోసుదే తప్పు.

ఇనుప గొట్టాల తుప్పు ఎప్పుడూ క్లిప్పుల కిందే దాక్కుంటుంది. క్లిప్పు ఎత్తి చూడండి. మారిస్తే రాగి–నికెల్ మిశ్రమం గొట్టం, 3/16 అంగుళాలది, వేయించండి. ఫ్రిజ్ మెకానిక్ దగ్గర దొరికే ఉత్త రాగి గొట్టం అదురుకు గట్టిపడి పగులుతుంది. చవగ్గా వస్తోందని చాలా షెడ్లలో అదే వేస్తున్నారు.

డాట్ 3 లేదా డాట్ 4 ఆయిల్ లీటరు డబ్బా తెచ్చుకోండి, సీలు కొత్తదై ఉండాలి. మాస్టర్ సిలిండరుకు దూరమైన చక్రం నుంచి గాలి తీయాలి: ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు. పెడల్ పైన కాస్త ఖాళీ ఆట తప్పక ఉండాలి. అది లేకపోతే మాస్టర్ సిలిండరులోని చిన్న రంధ్రం తెరుచుకోదు, వేడెక్కిన ఆయిల్ వెనక్కి రాలేక నాలుగు కిలోమీటర్లలో బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. ఆయిల్ పెయింటు మీద పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్ళు పోయండి. నరసాపురంలో అయితే ఏడాదికోసారి ఆయిల్ మార్చడం అతి జాగ్రత్త కాదు. హ్యాండ్‌బ్రేక్ పనిచేయకుండా మొదటి ట్రయలుకు బయల్దేరొద్దు. ఒకే లైను ఉన్న బండిలో మీకున్న రెండో బ్రేకు అదే.

ప్రశ్న: మా పక్క లంకలో ఒక అంబాసిడర్ 70 వేలకు ఇస్తామంటున్నారు. 2022 జూలై వరదలో సీటు దాకా మునిగిందట. కొత్త రంగు వేశారు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. కొనొచ్చా? (ఒక పాఠకుడు, పి.గన్నవరం)

జవాబు: రంగుకు డబ్బు ఇవ్వకండి, రంగు కింద చూడండి. అంబాసిడర్‌కు లారీలా విడి ఛాసిస్ ఉండదు, పద్మినికీ అంతే. బాడీయే ఛాసిస్. నేల రేకు, తలుపుల కింద పెట్టెలా మూసి ఉండే రేకు గట్లు, వీటి మీదే బండి బరువంతా నిలుస్తుంది. వరద తగ్గినప్పుడు నీళ్ళు పోతాయి గానీ ఒండ్రు ఆ గట్ల లోపల ఉండిపోతుంది. వేసవిలో కూడా తడి పట్టుకుని లోపలి నుంచి తింటుంది. బయట రంగు మెరుస్తూనే ఉంటుంది.

చూడాల్సిన పద్ధతి ఇది. అయస్కాంతానికి పల్చని గుడ్డ చుట్టి తలుపుల అడుగు అంచులు, చక్రాల పైకమానులు, డిక్కీ అంచుల మీద జరపండి. అంటుకోని చోటల్లా పుట్టీ. లోపల పరిచిన చాపలన్నీ ఎత్తించి స్క్రూడ్రైవరు పిడితో నేలంతా తట్టండి. గట్టి రేకు మోగుతుంది, కుళ్ళిన చోట మొద్దు శబ్దం వస్తుంది. అక్కడ మొనతో నొక్కితే తెలిసిపోతుంది. కింద పడుకుని ముందు టార్షన్ బార్లు (స్ప్రింగుల పని చేసే కడ్డీలు) కూర్చునే అడ్డ దూలం, వెనక కమాను పట్టీలు వేలాడే కొక్కేల చుట్టూ చూడండి. ఆఖరి పరీక్షకు, జాకీ పెట్టే చోట జాకీ వేసి చక్రం లేపండి, ఇప్పుడు ఆ పక్క తలుపులు తెరిచి మూయండి. ఇందాక బాగా మూసుకున్న తలుపు ఇప్పుడు పట్టేస్తే గట్టు లోపల ఏమీ మిగల్లేదని అర్థం. అటువంటి బండిని ఊరకే ఇచ్చినా రవాణా ఖర్చు దండగ, విడిభాగాల కోసమైతే తప్ప.

రేకు బాగుంటే మిగతావి చేయించుకోవచ్చు. గేరు బాక్సు, వెనక డిఫరెన్షియల్ డ్రైన్ నట్లు వదులు చేసి మొదట వచ్చే చుక్కలు చూడండి. పాల రంగులో ఉంటే లోపలికి నీరు పోయింది. వరద తర్వాత ఒక్కసారీ ఆయిల్ మార్చకపోతే బేరింగులు గుంటలు పడి ఉంటాయి. గోదావరి నీళ్ళకు మునిగిన బండి ఒక ఎత్తు, రొయ్యల చెరువు నీళ్ళో సముద్రపు పోటు నీళ్ళో తగిలిన బండి మరో ఎత్తు. ఉప్పు తగిలిన దాని జోలికి వెళ్ళొద్దనే మా సలహా.

కొన్నాక గట్ల అడుగున ఉండే నీటి రంధ్రాలు తీగతో పొడిచి తెరవండి, లోపలికి ప్రెషరుతో మంచినీళ్ళు కొట్టి ఒండ్రంతా రాబట్టండి. వారం ఎండనిచ్చి కుళ్ళిన రేకు కోయించి 18 లేదా 20 గేజి రేకు వెల్డింగ్ చేయించి, జింకు ప్రైమరు వేసి, గట్టు లోపలికి మైనం కలిసిన స్ప్రే కొట్టించండి. తుప్పు మీదే తారు అండర్‌కోటింగ్ వేయిస్తే తేమను లోపల పెట్టి సీలు వేసినట్టు. ఇంజిన్‌లోంచి తీసిన నల్ల ఆయిల్ పూసే అలవాటు కూడా మానండి. దానిలో ఆమ్లం ఉంటుంది.

ప్రశ్న: ఎలుకలు వైర్లన్నీ కొరికేశాయి. బ్యాటరీ తగిలిస్తే పొగ వస్తుందేమోనని భయం. (ఒక పాఠకుడు, తణుకు)

జవాబు: భయం సబబే. పాత లూకాస్ వైరింగ్‌లో ఉండేవి రెండే ఫ్యూజులు, హెడ్‌లైట్లకు అసలు ఉండదు. స్విచ్చులన్నీ ఆపి, బ్యాటరీకీ దాని తీగకూ మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించండి. బల్బు గట్టిగా వెలిగితే ఎక్కడో షార్ట్ ఉంది, కానీ ఏమీ కాలదు. ఒక్కో తీగా విడదీస్తూ పోండి, బల్బు ఆరిన చోట దొంగ దొరుకుతాడు. గోధుమ రంగు తీగ బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తెల్లది ఇగ్నిషన్, ఆకుపచ్చ ఫ్యూజు తర్వాతిది, నీలం హెడ్‌లైట్లు, ఎరుపు పార్కింగ్ లైట్లు, నలుపు ఎర్త్. అన్నిటికన్నా ముందు ఎర్త్ ఏ ధ్రువమో చూడండి, పాత లూకాస్ బళ్ళలో బాడీకి ప్లస్ కలిపి ఉండేవి ఉన్నాయి. అలవాటు చొప్పున మైనస్ బిగిస్తే డైనమో, దాన్ని బ్యాటరీకి కలిపే కట్ అవుట్ కాలతాయి. హెడ్‌లైట్లకు రిలే, ఫ్యూజు, బ్యాటరీ దగ్గర ఒక కట్ ఆఫ్ స్విచ్చు పెట్టించండి. పాతదనం చెడుతుందనేవాళ్ళ మాట వినకండి.

ప్రశ్న: ఎండలో పది కిలోమీటర్లకే రేడియేటర్ మరిగిపోతోంది. థర్మోస్టాట్ తీసేశాం, అయినా అంతే. (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: మీరు పోస్తున్నది బోరు నీళ్ళయితే అదే మూలం. తీరం దగ్గర బోరు నీటిలోని ఉప్పులు రేడియేటర్ సన్న గొట్టాల్లో, బ్లాకులో గారగా పేరుకుంటాయి. రేడియేటర్ ఒక్కటే కడిగించి ఊరుకోకండి. బ్లాకు పక్కనున్న డ్రైన్ కొళాయి తీయండి. నీళ్ళు రాకపోతే తీగతో పొడవండి, మడ్డి అక్కడ గట్టిపడి ఉంటుంది. వెనకనున్న నాలుగో సిలిండరు చుట్టూ ఎక్కువ పేరుకుంటుంది, ముందు చల్లగా ఉండి వెనక మరగడం అందుకే. వెల్ష్ ప్లగ్గులనే రేకు బిళ్ళలు తీస్తే లోపలికి చెయ్యి అందుతుంది, తుప్పు పట్టిన బిళ్ళలు ఎలాగూ మార్చాల్సినవే. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో 30 నుంచి 50 శాతం కూలెంట్ కలిపి పోయండి. థర్మోస్టాట్ తిరిగి పెట్టండి. వేడి నీళ్ళ గిన్నెలో వేసి తెరుచుకుంటోందో లేదో చూసుకుంటే చాలు. అది లేకపోతే శీతాకాలం పొద్దున్నే ఇంజిన్ వేడెక్కక ఆయిల్‌లో నీరు చేరుతుంది. ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి పోయినా ఇంజిన్ వేడెక్కుతుందని మర్చిపోకండి.

ప్రశ్న: నాన్నగారి పేరున ఉన్న 1973 బండి ఆర్‌సీ ఎప్పుడో అయిపోయింది. ఆయన లేరు. ‘వింటేజ్’ కింద రిజిస్టరు చేస్తే మంచిదా? (ఒక పాఠకుడు, మండపేట)

జవాబు: ముందు వారసత్వం తేల్చుకోండి. యజమాని మరణించాక వారసుల పేరుకు మార్చేది ఫారం 31, రెన్యువల్‌కు ఫారం 25, ఆర్‌సీ పోయి ఉంటే డూప్లికేట్‌కు ఫారం 26. ఛాసిస్ నంబరు చెక్కిన చోట తుప్పు ఉంటే రుద్దకుండా నూనెతో తుడవండి, నంబరు చెరిగితే పని ఆగిపోతుంది.

వింటేజ్ విషయం: 2021 జూలై నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి ‘వీఏ’ అక్షరాల నంబరు ఇస్తారు. ఫీజు 20 వేలు, పదేళ్ళు చెల్లుతుంది, తర్వాత రీ–రిజిస్ట్రేషన్ 5 వేలు. కానీ దాన్ని రోజువారీ వాడకానికీ, అద్దెకూ తిప్పకూడదు. ప్రదర్శన, ర్యాలీ, మరమ్మతు, ఇంధనం లాంటి పనులకు మాత్రమే రోడ్డెక్కాలి. ఆదివారం కుటుంబంతో అంతర్వేది వెళ్ళాలనుకునేవాళ్ళకు మామూలు రెన్యువలే దారి. ఇంజిన్ మార్చేసిన బండికి వింటేజ్ ఆశ పెట్టుకోవద్దు.

ప్రశ్న: టైర్లు చూడ్డానికి కొత్తవే, నిండా గాట్లున్నాయి. గాలి పడితే నిలుస్తోంది. వాటితోనే తిప్పొచ్చా? (ఒక పాఠకుడు, ఆచంట)

జవాబు: వద్దు. పక్క గోడ మీద అండాకారపు గడిలో తయారీ అంకె చూడండి. నాలుగంకెలైతే మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. మూడంకెలే ఉంటే అది 2000కు ముందటిది. గాట్లు ఎంత ఉన్నా రబ్బరు గట్టిపడి లోపలి దారాలు విడిపోయి ఉంటాయి, 60 వేగం దాటాక ఎండ రోడ్డు మీద పొర ఊడుతుంది. అంబాసిడర్‌కు 5.90–15, పద్మినికి 5.20–14. ట్యూబులు కూడా మార్చండి. టైరు విప్పినప్పుడు రిమ్ము లోపలి తుప్పు గీకించి రెడ్ ఆక్సైడ్ వేయించండి, లేకపోతే కొత్త ట్యూబు ఆరు నెలల్లో కన్నాలు పడుతుంది.